పాలమూరు నుంచి ఆలంపూర్ దాకా: గైడ్ లేకుండ సైకిల్ మీద పోయేటోళ్లకు

మాది మహబూబ్‌నగర్‌లో సైకిల్ దుకాణం. బాగుచేసుడు, అమ్ముడు రెండూ చేస్త. చలికాలం వచ్చిందంటే హైదరాబాద్ నుంచి గేర్ల సైకిళ్ల పిల్లలు వచ్చి, గాలి కొట్టించుకుంట అడిగేది ఒకటే: "అన్నా, గద్వాల ఎట్ల పోవాలె? నడుమ ఎక్కడ ఆగాలె?" ప్రతి ఒక్కరికి నోటితో చెప్పేకంటే రాసిపెడితే నయమనిపించింది.

అండ్ల ఒక పిల్ల ఫ్రాన్సుల సైకిల్ తొక్కి వచ్చింది. అక్కడ లువార్ నది వెంబడి దాదాపు 900 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది. దారి పొడుగునా బాణం గుర్తులు, నది పక్కన రాజుల కోటలు. గైడ్ వెంట రాడు. కంపెనీవాళ్లు మ్యాపు చేతిల పెట్టి, మీ బ్యాగు మాత్రం ఈ హోటల్ నుంచి ఆ హోటల్‌కు వ్యానుల చేరుస్తరు. మీరు ఖాళీగ తొక్కుకుంట పోతరు. మన దగ్గర బాణాలూ లేవు, వ్యానూ లేదు. అయినా నది ఉంది, కోట ఉంది, గుళ్లున్నయి. బ్యాగు సంగతికి ఉపాయం ఉంది, కిందికి చెప్త.

దారి ఇది: మహబూబ్‌నగర్, దేవరకద్ర, ఆత్మకూరు, జూరాల డ్యామ్, గద్వాల, ఆలంపూర్. గద్వాల దాకా 80 కిలోమీటర్ల చుట్టుపక్కల, అక్కడి నుంచి ఆలంపూర్‌కు 60 చిల్లర. రోజూ తొక్కేటోళ్లకు మూడు రోజులు మస్తు. కొత్తోళ్లు నాలుగు పెట్టుకోండి. ఈ దారే ఎందుకంటే, కాచిగూడ - కర్నూలు రైలు పట్టాలు కొంచెం అటూ ఇటూగ మీతోటే వస్తయి. దేవరకద్ర, వనపర్తి రోడ్, గద్వాల, ఆలంపూర్ రోడ్, అన్నీ స్టేషన్లే. కాలు బెణికినా, మనసు విరిగినా ఇంటికి మళ్లే దారి దగ్గర్లనే ఉంటది.

ఎప్పుడు పోవాలె

దసరా దాటినంక మొదలుపెట్టి సంక్రాంతి లోపు పోయి రండి. ఎండ ఒక్కటే కారణం కాదు, గాలి కూడా. వానాకాలమంతా గాలి పడమటి దిక్కు నుంచి కొడతది. మీరు పోయేది నైరుతికి, అంటే గద్వాల దాకా గాలికి ఎదురు తొక్కాలె. గేర్లున్నా లాభం లేదు, తొడలు గుంజుతయి. చలికాలంల గాలి ఈశాన్యం నుంచి మళ్లుతది, వీపు మీద చెయ్యేసి నూకినట్టు ఉంటది. మార్చి నుంచి జూన్ దాకా పేరు కూడా ఎత్తకండి. మధ్యాహ్నం తారు కరిగి టైరుకు అంటుతది.

ఒక్క చిక్కుంది. జూరాల గేట్లు తెరిచి కృష్ణమ్మ దుంకుడు చూడాలంటే మాత్రం జూలై నుంచి సెప్టెంబర్, మహా అయితే అక్టోబర్. పైన కర్ణాటకల ఆల్మట్టి, నారాయణపూర్ నిండి నీళ్లు వదిలితేనే ఇక్కడ గేట్లు లేస్తయి. గేట్లు కావాల్నా, గాలి కావాల్నా అంటే నేను గాలే అంట. గేట్లు చూడాలంటే ఇంకోసారి బస్సుల పోండి.

పంట కూడా చూసుకోవాలె. నవంబర్‌ల వరికోతలయినంక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు. అంచున రాళ్లు పెడతరు, చీకట్ల అవి కనబడవు. వడ్ల మీద సైకిల్ ఎక్కిస్తే జారుతది, పైగా రైతు తిడతడు, తిట్టాలె కూడా. పొద్దుగూకినంక తొక్కొద్దని నేను చెప్పేదాంట్ల సగం కారణం ఈ రాళ్లు, మిగిలిన సగం వెనుక లైటు లేని ట్రాక్టర్లు.

సైకిలు, ముల్లు

ఏ సైకిల్ మంచిదని అడుగుతరు. మీ ఇంట్ల ఉన్నదే మంచిది, బేరింగులు, బ్రేకులు సరిగ్గుంటే. మా దుకాణం ముందట నుంచి పాలు పోసెటోళ్లు 22 అంగుళాల నల్ల సైకిల్ మీద రెండు క్యాన్లేసుకొని రోజూ పోతరు. ఈ దారిల పెద్ద ఘాట్లు లేవు, దిబ్బలే. సన్న టైరు రేసు సైకిల్ మాత్రం తేకండి. ఊర్ల నడుమ తారు లేచి కంకర తేలిన జాగలున్నయి. 35 మిల్లీమీటర్లు, అంతకంటే వెడల్పు టైరు ఉండాలె.

సీటు ఎత్తు చూసుకోండి. పెడల్ కిందికి పోయినప్పుడు మోకాలు కొద్దిగ వంగి ఉండాలె, అంతే. కిందికి దించుకొని తొక్కితే మొదటి రోజు ఏం తెలవదు, రెండో పొద్దున మెట్లు దిగలేరు. చైనుకు కుట్టుమిషన్ నూనె చాలు. రెండు చుక్కలేసి, తిప్పి, గుడ్డతో తుడవండి. కొబ్బరి నూనె పోసుకొని వచ్చెటోళ్లున్నరు. దానికి దుమ్ము పట్టి చైను నల్ల పిండి ముద్ద అయితది.

ఇగ అసలు సంగతి ముల్లు. పాలమూరుల రోడ్డు అంచుల రెండు రకాల శత్రువులుంటయి. ఒకటి సర్కారు తుమ్మ. రైతులు కంపలు కొట్టి ట్రాక్టర్ మీద వేసుకపోతుంటే రాలి పడ్డ ముల్లు టైరును సీదా దిగుతది. రెండోది పల్లేరు కాయ. వానలు పోయినంక ఎండి, రోడ్డు అంచు మట్టిల దాక్కుంటది. చెట్టు కింద నీడుందని సైకిల్‌ను మట్టిలకు దించుతరు సూడు, అక్కడ పట్టుకుంటది. సైకిల్‌ను తారు మీదనే ఆపి, భుజం మీద ఎత్తుకొని నీడకు పోండి. నవ్వుతరు, నవ్వనియ్యండి.

టైరుకు పల్లేరు కాయలు కనబడితే వెంటనే పీకకండి. కొన్ని ముండ్లు రంధ్రానికి బిరడా లెక్క పనిచేస్తయి, పీకితే గాలి ఒక్కసారే పోతది. ముందు నీడ, కూసునే జాగ, నీళ్లు చూసుకొని అప్పుడు పీకండి. ట్యూబ్ తీసి, గాలి కొట్టి, చెంప దగ్గర పెట్టుకొని తిప్పితే గాలి తగిలిన చోటు తెలుస్తది. నీళ్లుంటే ముంచండి, బుడగ వస్తది. ఉప్పుకాగితంతో గీకి, సొల్యూషన్ పలచగ రాసి, తడి ఆరి వేలికి జిగురు అంటేదాకా ఆగాలె. ఇక్కడ తొందరపడ్డోళ్లది ప్యాచ్ రెండు కిలోమీటర్లల్ల లేస్తది. టైరు లోపట గుడ్డ పెట్టి చుట్టూ తుడవండి. ముల్లు మొన మిగిలి ఉంటే గుడ్డ చిక్కుతది. ఇది చేయకుంట ట్యూబ్ ఎక్కిస్తే మళ్ల మొదటికొస్తరు.

గేర్ల సైకిల్ వాళ్లకు ఇంకో మాట. మీ సైకిల్‌కు సన్న వాల్వు, అంటే ప్రెస్టా ఉంటే, ఆ ట్యూబులు దేవరకద్రల, ఆత్మకూరుల అడగకండి, దొరకవు. రెండు ట్యూబులు వెంట పెట్టుకోండి. సన్న వాల్వుకు తొడిగే చిన్న ఇత్తడి అడాప్టర్ కూడా పెట్టుకుంటే ఏ ఊరి పంచర్ దుకాణంల అయినా గాలి కొట్టించుకోవచ్చు. నల్ల సైకిల్ వాళ్లు వేలెడంత వాల్వు రబ్బరు జేబుల వేసుకోండి.

బ్యాగు, నీళ్లు, అన్నం

బ్యాగుకు ఉపాయమన్న గదా, అది ఆర్టీసీ కార్గో. బట్టల బ్యాగును మహబూబ్‌నగర్ బస్టాండ్‌ల బుక్ చేసి గద్వాల బస్టాండ్‌కు పంపండి, మీరు చేరినంక రసీదు చూపించి తీసుకోండి. పోయే ముందురోజే ఇచ్చెయ్యండి, కౌంటర్ ఎప్పటిదాకా తెరిచి ఉంటదో కూడా అడగండి. చిట్టీ మీద ఫోన్ నంబర్ పెద్దగ రాయండి. వెన్నుకు బ్యాగు తగిలించుకొని మాత్రం తొక్కకండి, చెమటకు వీపు ఒరుసుకపోతది. మిగిలిన చిన్న సామాను క్యారియర్ మీద పాత ట్యూబ్‌తో బిగించి కట్టండి. పాత ట్యూబును మించిన తాడు లేదు.

సైకిల్ మీద ఉండాల్సినవి: రెండు లీటర్ల నీళ్లు, పంపు, పంచర్ సామాను, ఓఆర్ఎస్ పొట్లాలు, తువ్వాల, వెనుక ఎర్ర లైటు, హెల్మెట్, ఆధార్ జిరాక్స్. లాడ్జిల జిరాక్స్ అడుగుతరు, అప్పుడు దుకాణం వెతకొద్దు.

నీళ్లకు ప్రతి పెద్ద ఊర్ల వాటర్ ప్లాంట్ ఉంటది. సీసా నింపమంటే చాలాచోట్ల పైసలు తీసుకోరు. చేను కాడి బోరు నీళ్లు కాళ్లు చేతులు కడుక్కునేందుకే. పొద్దున ఇడ్లీ, దోశ బండి ఏ సెంటర్‌ల అయినా దొరుకుతది. గద్వాల దిక్కు పోయినకొద్ది ఉగ్గాని, మిర్చి బజ్జీ మొదలయితయి. రాయచూరు, కర్నూలు గాలి అది. మరమరాలు నానబెట్టి తాలింపు వేసేది, తేలికగ ఉంటది, తొక్కుడుకు మంచిది. బజ్జీలు రెండిటితో ఆపండి. అక్టోబర్, నవంబర్‌ల అయితే రోడ్డు పక్కన సీతాఫలం గంపలుంటయి. రాళ్లోలె ఉన్నవి కాకుండ, కండ్లు తెల్లగ విచ్చుకున్నవి ఏరుకోండి, అప్పుడే తినొచ్చు.

ఆడపిల్లలు పోతున్నరంటే బాత్రూంల గురించి ముందే అనుకోవాలె. నడుమ ఊర్లల్ల కష్టం. పెట్రోల్ బంకులు, బస్టాండులు లెక్క పెట్టుకొని ఆగండి. లేదా ఏ ఇంటి ముందట అక్క కూసున్నా అడగండి, కాదనరు, పైగా చాయ్ పోస్తరు.

మొదటి రోజు: దేవరకద్ర, ఆత్మకూరు, జూరాల

ముందురోజు సాయంత్రమే పిల్లలమర్రి చూసి రండి. పొద్దున దానికి టైం పెట్టొద్దు. ఆ మర్రికి చెదలు పట్టి కొమ్మలు విరిగితే, 2018ల సీసాలు కట్టి మనిషికి సెలైన్ ఎక్కించినట్టు మందు ఎక్కించిన్రు. బతికింది.

పొద్దున ఐదున్నరకు కదలండి. దేవరకద్ర దాకా రాయచూరు రోడ్డే, లారీలుంటయి, ఎడమ అంచు పట్టుకొని పోండి. దారిల మన్యంకొండ గుట్ట వస్తది, పైన వెంకటేశ్వరస్వామి. సైకిల్ కింద పెట్టి ఎక్కొచ్చు గాని మొదటి రోజే మోకాళ్లు ఖర్చు చేసుకోవద్దంట నేను.

దేవరకద్రల టిఫిన్ చేసి ఒకటి తేల్చుకోవాలె. చిన్నచింతకుంట దిక్కు పోతే కురుమూర్తి గుట్ట. దీపావళి తర్వాత జాతర. స్వామి ఉద్దాలు, అంటే పాదుకలు, ఊరేగింపుగ వచ్చే రోజు ఆ దిక్కు రోడ్లన్నీ ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, జనం. జాతర చూడాలంటే ఆ రోజు పోండి, సైకిల్ తొక్కాలంటే ఆ వారం తప్పించండి. లేదా కొత్తకోట దిక్కు చుట్టు తిరిగి పోతే శంకరంపేట కాడ సరళాసాగర్. నా ఓటు దీనికే.

సరళాసాగర్‌ను వనపర్తి రాజా తల్లి పేరు మీద కట్టించిండు. 1949ల మొదలై 1959ల అయిపోయింది. దీనికి గేట్లు ఎత్తే మనిషి అక్కర లేదు. కట్టల సైఫన్లున్నయి. చెరువు నిండి నీళ్లు ఒక మట్టం దాటితే గొట్టంల గాలి బయటికి పోయి, నీళ్లు వాటంతట అవే గుంజుకొని కిందికి దుంకుతయి. మట్టం తగ్గి గాలి జొచ్చినంక అవే ఆగుతయి. కిరోసిన్ డబ్బాల నుంచి పైపుతో నోటితో గుంజి వదిలిన సైఫన్ గుర్తుందా, అదే పని. 2019 డిసెంబర్ 31న కట్ట తెగింది, మళ్ల కట్టిన్రు. వానాకాలం పోయెటోళ్లు ఒక్కటి యాదికుంచుకోండి: సైఫన్లు తెరుచుకున్నయంటే కింద ఊకచెట్టు వాగు పొంగి మదనాపురం కాడ కాజ్‌వే మీదికి నీళ్లొస్తయి. మోకాలు లోతే గదా అని సైకిల్ నూకుకుంట దిగకండి. పారే నీళ్లు చక్రాన్ని పక్కకు కొడతయి. వెనుకకు మళ్లి ఇంకో దారి అడగండి.

దారి అడుగుడు కూడా ఒక పని. "ఎంత దూరం" అని అడిగితే బండి మీదున్న పిలగాడు "దగ్గరనే అన్నా" అంటడు, వానిది మోటారు దూరం. "నడుమ ఎన్ని ఊర్లు దాటాలె, ఏమేం ఊర్లు" అని అడగండి. పేర్లు చెప్తరు, ఆ పేర్లు పట్టుకొని పోతే తప్పిపోరు. తర్వాత రెండు ప్రశ్నలు: తారేనా, కంకరనా? వాగు మీద నీళ్లున్నయా? ఈ రెంటికీ ఫోన్‌ల మ్యాపు జవాబు చెప్పదు. బస్సు కోసం నిలబడ్డ పెద్దమ్మను అడగండి, ఏ రోడ్డు ఎప్పుడు తెగిందో ఆమెకే ఎరుక.

మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా తొక్కొద్దు, చలికాలమయినా సరే. ఆత్మకూరుల అన్నం తిని, ఏ గుడి మండపంలనో నడుం వాల్చండి. చెరకు ట్రాక్టర్లు ఈ దిక్కు ఎక్కువ. లోడు పక్కలకు పొడుచుకొని ఉంటది, ఓవర్‌టేక్ చేయకండి, ఆగి పోనియ్యండి.

నాలుగు గంటలకు నందిమల్ల దిక్కు నుంచి డ్యామ్ మీదికి చేరితే పొద్దు మీకు ఎదురుగ దిగుతుంటది. ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు, 1981ల పునాది, 1995ల పూర్తి. పూర్తి నీటిమట్టం సముద్రమట్టం నుంచి 1,045 అడుగులు, అరవైకి పైగ గేట్లు. డ్యామ్ మీదనే రోడ్డు, బస్సులు కూడా దానిమీదికెల్లే పోతయి. వంతెన ఇరుకు. ఫొటోలకు నడుమ ఆగకండి, ఆవల రేవులపల్లి ఒడ్డుకు పోయి ఆగండి. చేపలు వేపే దుకాణాలు అక్కడ ఉంటయి. ముందట వేసి చూపించిన చేపను బేరమాడి, తూకం మీ కండ్ల ముందట పెట్టించి, అప్పుడే వేపమనండి. మసాలా ఎక్కువేస్తరు, తక్కువేయమని చెప్పాలె, ఇంకా తొక్కేది ఉంది గదా. అక్కడి నుంచి గద్వాల 17 కిలోమీటర్ల దాకా ఉంటది. చీకటి పడుతుందనిపిస్తే ట్రాలీ ఆటో మాట్లాడుకొని సైకిల్ అండ్ల ఎక్కియ్యండి. అది ఓడిపోవుడేం కాదు.

గద్వాల

లాడ్జిల అడిగే మొదటి మాట "సైకిల్ లోపట పెట్టుకోవచ్చా" అని. కింది అంతస్తు రూం ఇస్తే సరే. లేకుంటే జనరేటర్ కాడ గొలుసుతో కట్టి, వాచ్‌మన్‌కు చెప్పి పెట్టండి.

పొద్దున కోటకు పోండి. గద్వాల రాజు సోమనాద్రి కట్టించిన మట్టికోట, లోపట చెన్నకేశవస్వామి గుడి, అదే కోటల డిగ్రీ కాలేజీ. పిల్లలు బుర్జుల కింద నుంచి క్లాసుకు పోతుంటరు. గద్వాల చీరల గురించి నాకు తెలిసింది కొంచెమే. ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు, రెంటి పోగులను మగ్గం మీదనే కలుపుతరు, దాన్నే కుట్టు అంటరు. 2010ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనాలనుకుంటే షోరూంకు పోయే ముందు నేసేటోళ్ల వాడకు పోయి మగ్గం చూడండి, ధర ఎందుకంత ఉందో తెలుస్తది. కొన్న చీర క్యారియర్ మీద పెట్టకండి, చైను నూనె మరక పోదు. బట్టల బ్యాగుతోటే కార్గోల పంపండి.

నడిగడ్డ మీదుగ ఆలంపూర్

కృష్ణకు, తుంగభద్రకు నడుమ ఉన్నది నడిగడ్డ. ఇక్కడ నేల మారుతది. మహబూబ్‌నగర్ దిక్కు ఎర్ర చలకలు, ఆలంపూర్ దిక్కు పోయినకొద్ది నల్లరేగడి. వాన పడ్డ తెల్లారి రేగడి మీదికి సైకిల్ దించితే మట్టి మడ్‌గార్డ్‌ల మెత్తుకొని చక్రం తిరగదు. పుల్లతో గీకుకుంట పోవాల్సి వస్తది. వాన పడితే తారు వదలకండి. పొలాలల్ల సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం పెంచే పత్తి, కనబడతది. ఆడోళ్లు పొద్దున్నే పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దుతుంటరు. ఆగి చూడండి గాని లోపటికి పోకండి, వాళ్లది గంటల మీద నడిచే పని.

దారులు రెండు. ఎర్రవల్లి చౌరస్తాకు పోయి 44వ నంబర్ జాతీయ రహదారి పట్టుకొని ఆలంపూర్ చౌరస్తాల దిగేది ఒకటి. రోడ్డు నున్నగ ఉంటది, లారీల గాలికి సైకిల్ ఊగుతది. ఒంటరిగ ఉంటే, భయముంటే వద్దు. ఇటిక్యాల, మానవపాడు మీదుగ ఊర్లల్లకెల్లి పోయేది రెండోది. వంకరగ ఉంటది, అడుక్కుంట పోవాలె, నాకు నచ్చేది ఇదే. ఊరి మొదట్ల, చివర్ల గుర్తులేని స్పీడ్ బ్రేకర్లుంటయి, చూసుకోండి. కుక్క వెంటపడితే తొక్కుడు పెంచకండి, దిగి సైకిల్‌ను నడుమ అడ్డం పెట్టి నిలబడండి, అరిచి పోతది. కరిస్తే మాత్రం పుండును సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్లల్ల కడిగి, అదే రోజు సర్కారు దవాఖానకు పోయి సూది వేయించుకోండి. దెబ్బలు పెద్దగ తగిలితే 108.

ఆలంపూర్‌ల తొమ్మిది బ్రహ్మల పేర్లున్నా అన్నీ శివుని గుళ్లే. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాలల్ల కట్టిన్రు. తొమ్మిదిట్ల స్వర్గబ్రహ్మను తీరిగ్గ చూడండి, గోడల మీద శిల్పం అక్కడే దట్టంగ ఉంది. జోగులాంబ గుడి 2005ల మళ్ల కట్టింది, అష్టాదశ శక్తిపీఠాలల్ల ఐదోది. మధ్యాహ్నం గుడి మూస్తరు, కాబట్టి పొద్దున్నో, సాయంత్రమో చేరేటట్టు చూసుకోండి. నిక్కరు మీద లోపటికి పోకండి, లుంగీ ఒకటి పెట్టుకోండి. శ్రీశైలం డ్యామ్ నీళ్లల్ల మునుగుతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టిన్రు. పాపనాశి గుళ్లు కూడా అట్లనే వచ్చినయి. ఊరికి అడ్డంగ ఉన్న కరకట్ట ఎక్కితే ఆవల తుంగభద్ర. రాత్రికి టూరిజం వాళ్ల హరిత హోటల్‌కు ముందే ఫోన్ చేసి అడగండి. రూం లేకుంటే సత్రాలు, అదీ కాకుంటే కర్నూలు.

తిరిగి వచ్చుడు

రైలుల సైకిల్ తెచ్చుకోవాలంటే చిన్న స్టేషన్‌ల అవస్థ, బండి నిమిషం రెండు నిమిషాలే ఆగుతది. ట్రాలీ ఆటోల కర్నూలుకో, గద్వాలకో పోయి పార్సిల్ ఆఫీసుల బుక్ చేయండి. టికెట్, ఆధార్ జిరాక్స్ చూపియ్యాలె. గంట ముందు పోండి. బుక్ చేసే ముందు పెడళ్లు విప్పి సంచిల వేసుకోండి, హ్యాండిల్‌ను ఫ్రేముకు సమంగ తిప్పి బిగించండి, గేరు తీగ దగ్గర అట్టముక్క చుట్టండి. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటది, కుడిచేతి దిక్కు తిప్పితేనే విడుస్తది. ఇది తెలవక మర తెంపుకొని వచ్చిన సైకిళ్లు మా దుకాణంల ఎప్పుడూ ఒకటో రెండో ఉంటయి. టైరుల గాలి సగం తీయండి. మీ పేరు, ఫోన్ నంబర్, దిగే స్టేషన్ గట్టి అట్ట మీద రాసి రెండు చోట్ల కట్టండి, ఒకటి ఊడినా ఇంకోటుంటది.